తాతగారి శాక్సోఫోన్‌కి పాలిష్ వద్దు

అటక మీద నుంచి దించిన తాతగారి శాక్సోఫోన్‌ని ఏం చెయ్యాలన్న దాని మీద మన కుటుంబంలో ఇప్పుడు మూడు మాటలు నడుస్తున్నాయి. పార్వతీపురం, విజయనగరం వైపు వాళ్లు పాలిష్ పట్టించి, పైన కొత్త లక్కరు కొట్టించి, హాల్లో అద్దాల బీరువాలో పెడదామంటున్నారు. హైదరాబాద్ పిల్లలు ఆన్‌లైన్‌లో ధరలు చూసి, పాతది కాబట్టి అమ్మేద్దామంటున్నారు. రాయగడ, కోరాపుట్ ఇళ్ల వాళ్లం మేం అనేది మూడోది. దాన్ని మోగేలా చేద్దాం, ఇంట్లోనే చేద్దాం, పైన మాసిన రంగుని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఫోన్లో ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "ముందు తోమించండమ్మా, నల్లగా ఉంది" అని పెట్టేస్తున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం. ఇలాంటి పెట్టె అటక మీద ఉన్న తెలుగు ఇళ్లు గుణుపురంలో, జయపురంలో, బరంపురంలో, ఖరగ్‌పూర్‌లో కూడా ఉంటాయి. వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఆ వస్తువుని సరిగ్గా చూద్దాం. అది ఆల్టో శాక్సోఫోన్. ఇత్తడి ఒళ్లు, పైన పల్చటి లక్కరు పూత. ఆ పూత అన్నిచోట్లా ఒకేలా పోలేదు. కుడి బొటనవేలు ఆనించే కొక్కెం చుట్టూ, ఎడమ అరచెయ్యి తగిలే చోట, చొక్కాకి ఒరుసుకునే వెనక భాగంలో పూర్తిగా పోయి ఇత్తడి గోధుమ రంగుకి తిరిగింది. మిగతా చోట్ల ఇంకా పసుపుగానే ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, మెడ పట్టీ తగిలించే రింగు చూడండి. పైవైపు సగానికి సగం అరిగి సన్నబడిపోయింది. ఆల్టో బరువు రెండున్నర కిలోల దాకా ఉంటుంది. అంత బరువుని మెడకి తగిలించుకుని, అడుగడుగుకీ ఊగుతూ, ఏళ్ల తరబడి వీధుల్లో నడిస్తే రింగు అలా అరుగుతుంది. కుర్చీలో కూర్చుని వాయించేవాళ్ల రింగు అంతగా అరగదు. అంటే తాతగారు కచేరీ చెయ్యలేదు. ఊరేగింపులో నడిచారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన ఇళ్లలో తాతగారి గురించి చెప్పేటప్పుడు "సంగీతం బాగా వచ్చు", "ఆర్టిస్టు" అంటారు. "బ్యాండు మేళం" అన్న మాట మాత్రం రాదు. పెళ్లి సంబంధాల దగ్గరైతే అసలే రాదు. ఉత్తరాంధ్రలో సన్నాయి, డోలు పట్టింది ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాలే. మనమూ వాళ్లలోనివాళ్లమే. సన్నాయి మోగకుండా మంగళసూత్రం కట్టరు. ఆ సన్నాయి ఊదినవాళ్లకి భోజనం మాత్రం చివరి బంతిలో, పందిరి బయట. బ్యాండు మేళం వచ్చాక యూనిఫాం వచ్చింది, టోపీ వచ్చింది, భుజాల మీద జరీ కుచ్చులు వచ్చాయి. బంతి మాత్రం మారలేదు. ఆ చేదు తెలిసినవాళ్లు పిల్లల్ని మేళంలోకి రానివ్వలేదు, చదివించారు. వాళ్ల నిర్ణయాన్ని మేం తప్పు పట్టడం లేదు, ఆ చదువుల మీదే ఇవాళ ఇలా కూర్చుని రాస్తున్నాం. కానీ పని వదిలెయ్యడం వేరు, పని ఆనవాళ్లు తుడిచెయ్యడం వేరు. అద్దాల బీరువాలో బంగారంలా మెరిసే శాక్సోఫోన్ చూసినవాళ్లు "ఓహో, మీవాళ్లకి వెస్టర్న్ మ్యూజిక్ అభిరుచి ఉండేదన్నమాట" అంటారు. మనం అవునని తలూపుతాం. ఆ తలూపడం మాకు ఇష్టం లేదు.

మేళం కొండెక్కి ఇటు రావడంలో వింతేమీ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యే దాకా కోరాపుట్, రాయగడ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాయే. పార్వతీపురం నుంచి రాయగడ రైల్లో గంట, గంటన్నర. పెళ్లిళ్ల సీజనుకి అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు బేరాలు ఒప్పుకునేవాళ్లు. ఒడియా పెళ్లికి "బాజా", తెలుగు పెళ్లికి "మేళం". మనుషులు వాళ్లే, వాద్యాలు అవే. విజయనగరం అనగానే అందరూ 1919లో పెట్టిన సంగీత కళాశాల గురించి, దాని మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి, అక్కడ చదివిన ఘంటసాల గారి గురించి చెప్తారు. చెప్పాల్సిందే. ఆ ఊరి వీధుల్లో బూట్లు అరిగేలా నడిచిన బ్యాండు వాళ్ల గురించి చెప్పే పుస్తకం మన ఇళ్లలో ఒక్కటీ లేదు. ఉన్న ఆధారం ఈ రింగు.

ఇంకో మాట. శాక్సోఫోన్ మనకి అంత పరాయిదేం కాదు. బెల్జియం మనిషి అడాల్ఫ్ శాక్స్ 1846లో పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు, అదీ మిలటరీ బ్యాండ్లని మనసులో పెట్టుకుని. ఒళ్లు ఇత్తడే అయినా శబ్దం పుట్టేది రెల్లు రీడు నుంచి. అందుకే దాన్ని ఇత్తడి వాద్యాల్లో కాకుండా వేణువు, క్లారినెట్ల వరసలో చేరుస్తారు. దాని గొట్టం పైన సన్నగా మొదలై కిందకి పోను పోను వెడల్పవుతుంది. సన్నాయి గొట్టమూ అంతే. ఈ ఆకారం వల్ల గట్టిగా ఊదినప్పుడు శ్రుతి సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తుంది. కింది స్థాయిలో వేళ్లు ఎలా పెడతామో పై స్థాయిలోనూ దాదాపు అలాగే పెట్టొచ్చు. క్లారినెట్ గొట్టం చాలా మేరకు ఒకే వెడల్పు. అక్కడ గట్టిగా ఊదితే స్థాయిన్నర దాటి పోతుంది, వేళ్ల లెక్క మారిపోతుంది. సన్నాయి పట్టిన చేతికి క్లారినెట్ కంటే శాక్సోఫోన్ లెక్కే దగ్గర. కోరాపుట్ వైపు ఢోలు, నిసాన్, తమక్‌లతో పాటు థింసా ఆటకి ఊదే మొహురి కూడా సన్నాయికి చుట్టమే.

కద్రి గోపాలనాథ్ గారిని అందరూ టీవీలో చూసే ఉంటారు. 1949లో దక్షిణ కన్నడ జిల్లాలో పుట్టిన ఆయన నాగస్వరం వాయించే తండ్రికి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని దాని మీద మనసు పడ్డారు. మీటల వాద్యం మీద గమకం పలకదని అనేవాళ్ల ముందే పలికించి, 2004లో పద్మశ్రీ అందుకుని, 2019 అక్టోబర్‌లో వెళ్లిపోయారు. బ్యాండులో విన్న వాద్యమే కచేరీకి ఎక్కింది. మన తాతగారిది ఆ దారి కాదు, ఆయన్ని ఈయనతో పోల్చడం లేదు. సన్నాయి ఇంటి నుంచి శాక్సోఫోన్‌కి వెళ్లడం చిన్నతనం కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

ఇప్పుడు పాలిష్ సంగతి. పాలిష్ అంటే మురికి తుడవడం అనుకుంటున్నారు కాబోలు. కాదు. పాత లక్కరుని రసాయనంతో ఊడగొట్టి, తిరిగే చక్రం మీద ఇత్తడిని అరగదీసి, ఆ తర్వాత కొత్త పూత కొడతారు. చక్రం కింద పోయేది మురికి ఒక్కటే కాదు, లోహమూ పోతుంది. బెల్లు మీద చేత్తో చెక్కిన పూల గీతలు మొద్దుబారతాయి. బెజ్జాల అంచులు ఎగుడుదిగుడైతే వాటి మీద ప్యాడు సమంగా కూర్చోదు. పాత వాద్యాలు కొనేవాళ్లు కూడా మెరుగు పెట్టినదానికంటే అసలు పూత మిగిలినదానికే ఎక్కువ ఇస్తారు. కాబట్టి అమ్ముదామనే పిల్లలు కూడా ఈ ఒక్క విషయంలో మా పక్షమే ఉండాలి.

చింతపండు అంటారు, పెద్దమ్మలు ముఖ్యంగా. బిందెకి, దీపపు సెమ్మెకి చింతపండు మంచిదే. శాక్సోఫోన్‌కి కాదు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిపిన లోహం. పులుపు ఎక్కువసేపు ఉంటే తుత్తునాగం పోయి పైన రాగి ఎరుపు తేలుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ పుల్లటి నీళ్లు ఉక్కు కడ్డీల్లోకి, సూదుల్లాంటి స్ప్రింగుల కిందకి దిగితే తుప్పు పట్టి మీటలు బిగుసుకుపోతాయి. బిందెలో కడ్డీలు లేవు కదా.

మరి ఇంట్లో ఏం చెయ్యొచ్చు? చాలానే చెయ్యొచ్చు, అదీ కొత్తవాళ్లు. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: వెనక్కి తీసుకోలేని పని ఏదీ చెయ్యకూడదు. ప్యాడు తప్పుగా అతికితే మళ్లీ వేడి చేసి ఊడదియ్యొచ్చు. బెండు తప్పుగా కోస్తే ఇంకో ముక్క కొయ్యొచ్చు. అరగదీసిన ఇత్తడిని మాత్రం మళ్లీ తేలేం. ఆ గీతకి ఇవతల ఉన్నవన్నీ ఇంటి పనులు.

మొదటి పని, ఆ వాద్యం ఏ శ్రుతిదో తేల్చుకోవడం. ఇది చాలామందికి తెలియదు. 1920ల చివరి దాకా బ్రిటిష్ మిలటరీ బ్యాండ్లు ఇప్పటి 440 శ్రుతి కంటే బాగా ఎక్కువ శ్రుతిలో, 452 దాకా, వాయించేవి. ఆ కాలపు వాద్యాలు మన దేశంలో చాలా మిగిలాయి. వాటి బెజ్జాల దూరాలే వేరు. మౌత్‌పీస్ ఎంత బయటికి లాగినా ఒక స్వరం సరిపోతే ఇంకోటి సరిపోదు. హార్మోనియంతో ఎప్పటికీ కలవదు. అలాంటిది అయితే ఇన్ని ప్యాడ్లు కొని వెయ్యడం దండగ, అప్పుడు బీరువాలో పెట్టేసినా మేం కాదనం. మనది ఆ రకం కాదు. ఎడమచేతి పై మీటలు ఇంకా కొంచెం మూస్తున్నాయి కాబట్టి మూడు స్వరాలు పలికించి చూశాం. ఇప్పటి శ్రుతే.

తర్వాత విప్పడం. బిగుసుకున్న స్క్రూ దగ్గర బలం చూపించొద్దు. తుప్పు వదిలే నూనె చుక్క వేసి రాత్రంతా వదిలెయ్యాలి, కాకపోతే ఇంకో రాత్రి. గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర ఉండే సన్న స్క్రూడ్రైవర్లు, స్ప్రింగులు తప్పించడానికి ఒక క్రోషే సూది చాలు. ఒక పెద్ద అట్ట మీద వాద్యం బొమ్మ గీసి, విప్పిన ప్రతి కడ్డీనీ, స్క్రూనీ బొమ్మలో దాని చోటే గుచ్చాలి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. విప్పేముందు అన్ని వైపులా ఫొటోలు తీసి పెట్టుకోవాలి. మీటలన్నీ తీసేశాక ఒంటిని గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి సబ్బుతో కడిగి, వెంటనే బాగా ఆరబెట్టాలి. మౌత్‌పీస్ పాతకాలపు నల్ల ఎబొనైట్‌ది అయితే దానికి చల్లనీళ్లే. వేడినీళ్లు తగిలితే ఆకుపచ్చగా మారి గంధకం వాసన కొడుతుంది. మెడ గొట్టం లోపల ఎర్రగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. అదేమిటని పిల్లలు అడిగారు. కిళ్లీ. వాయించే ముందు ఉమ్మేసేవాళ్లే, కానీ పూర్తిగా పోదుగా. దాన్ని మాత్రం కడిగేస్తాం, ఆనవాళ్లంటే మరీ అంత భక్తి లేదు మాకు.

ప్యాడ్లే అసలు పని. ఆల్టోకి పాతిక దాకా ఉంటాయి. లోపల అట్ట, పైన ఉన్ని, దాని మీద పల్చటి తోలు. పాతవి ఎండి రాయిలా అయ్యాయి, కొన్నిటికి బూజు, కొన్నిటిని పురుగు తినేసింది. ప్రతి గిన్నె లోపలి వెడల్పు కొలిచి కొత్తవి తెప్పించాలి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా కుదరదు. వాటిని గిన్నెలో అతికించేది ఏమిటో తెలుసా? లక్క. మన చుట్టూ ఉన్న అడవుల్లో మోదుగ, రేగు చెట్ల మీద పురుగు పెట్టే లక్క, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్క. ప్యారిస్ నుంచి పార్వతీపురం దాకా శాక్సోఫోన్ బాగుచేసేవాళ్లు తరతరాలుగా దాన్నే వాడారు. వేడికి కరుగుతుంది, చల్లారితే బిగుస్తుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. మన నియమానికి ఇంతకంటే నప్పేది లేదు. గిన్నె లోపల కాస్త లక్క కరిగించి, ప్యాడు కూర్చోబెట్టి, స్పిరిట్ దీపం మీద గిన్నె వీపుని కొంచెం కొంచెం వేడి చేస్తూ ప్యాడు సమంగా వాలేలా సర్దుకోవాలి.

సమంగా కూర్చుందో లేదో చెప్పేది చీకటి. దీపావళికి కిటికీలకి కట్టే సన్న ఎల్‌ఈడీ లైట్ల తీగ, బ్యాటరీతో వెలిగేది, గొట్టం లోపలికి దించండి. గదిలో దీపాలార్పి మీటని సుతారంగా మూయండి. ప్యాడు అంచున వెలుగు గీత కనిపించిందంటే అక్కడ గాలి పోతోంది. గట్టిగా నొక్కితే వెలుగు ఆగుతుంది, కానీ గట్టిగా నొక్కి మూయాల్సిన వాద్యాన్ని ఎవరూ వాయించలేరు. మెత్తగా మూసినా చుట్టూ ఒకేసారి చీకటి పడాలి. సిగరెట్ కాగితం సన్నగా కోసి అంచు కింద పెట్టి లాగి కూడా చూడొచ్చు, అన్ని వైపులా ఒకే పట్టు ఉండాలి. పక్క మీటల్లాంటి ఒంటరి వాటితో మొదలుపెట్టడం మంచిది. కుడిచేతి వరసలో మూడు మీటల్లో ఏది నొక్కినా దానితోపాటు పైనున్న ఇంకో గిన్నె కూడా మూసుకుంటుంది. ఆ పొత్తు కుదరాలంటే మధ్యలో పెట్టే బెండు ముక్క మందం ఎంతో వెంట్రుకవాసి లెక్క చూసుకోవాలి. చెయ్యి తిరిగాకే అక్కడికి వెళ్లాలి. మొదటి ప్యాడు ఒక పూట తింటుందనీ, పదోది అరగంటలో అవుతుందనీ చేసినవాళ్లు చెప్తారు.

కొన్నిటికి ఇంట్లో చెయ్యి పెట్టం. బెజ్జం పక్కన సొట్ట, ఊడిన అతుకు, వంగిన పెద్ద కడ్డీ, ఇవి అనుభవం ఉన్న పనివాడి చేతికే. మన దాని కింది వంపు దగ్గర సొట్ట ఉంది. అది స్వరానికి అడ్డమో కాదో ప్యాడ్లు వేశాకే తెలుస్తుంది. అడ్డం కాకపోతే దాన్నీ వదిలేద్దాం.

ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ఆలోచించాం. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు పైగా వాన. ఆషాఢం, శ్రావణాల్లో పెట్టెలో పెట్టిన చెప్పులకే బూజు పడుతుంది, తోలు ప్యాడ్లు ఎంత? కాబట్టి దసరా వెళ్లాక మొదలుపెట్టి సంక్రాంతి లోపల ముగించాలి. అటక మీది పెట్టె లోపలి వెల్వెట్‌కి బూజు పట్టింది. దాన్ని ఎండలో ఎండబెట్టి బ్రష్షుతో దులపాలి, ముక్కుకి గుడ్డ కట్టుకుని. నాఫ్తలీన్ ఉండలు వెయ్యకండి, ఆ వాసన చివరికి నోట్లోకే వస్తుంది.

మీరనే అభ్యంతరాల్లో బరువైనది ఒకటుంది. "మీకెవరికీ రాదు, ఉన్నది కాస్తా పాడు చేస్తారు. పనివాడికి ఇస్తే నెల్లో అయిపోతుంది." నిజమే, పనివాడు బాగా చేస్తాడు, తొందరగా చేస్తాడు. మనకి తొందర లేదు. పనివాడి దగ్గర నుంచి వచ్చిన వాద్యం మళ్లీ ఒక వస్తువే. ఏ స్ప్రింగు ఏ మీటని లేపుతుందో, ఏ ప్యాడు ఎందుకు కారుతుందో చేత్తో తెలుసుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే, వచ్చే వానాకాలానికి మళ్లీ కారినప్పుడు పెట్టె అటక ఎక్కదు. తాతగారు ప్రతి ప్యాడుకీ విజయనగరం పరిగెత్తి ఉంటారా? గిన్నెల లోపల మూడు రకాల లక్క కనిపిస్తోంది, ఒక చోట లక్క బదులు సైకిల్ ట్యూబు ముక్క ఉంది. సీజను మధ్యలో, రేపు పెళ్లి అనగా రాత్రి చేసుకున్న మరమ్మత్తు అది. ఆ ట్యూబు ముక్కని పారెయ్యం, ఓ కవరులో పెట్టి తేదీ రాసి దాస్తాం.

ఎవరు వాయిస్తారన్న ప్రశ్నకి జవాబు మా దగ్గర ఉంది. కోరాపుట్ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల అడుగుతోంది. దానికి తెలుగు చదవడం అంతంత మాత్రం, బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఆడపిల్ల శాక్సోఫోన్ ఊదడమేమిటని ఒకరు, ఊపిరితిత్తులకి మంచిది కాదని ఇంకొకరు అన్నారు. రెండో మాట అన్నవారు రోజుకి ఎన్ని సిగరెట్లు కాలుస్తారో అందరికీ తెలుసు.

ఇక కావలసినవి. ఎడమ చిటికెనవేలి మీటల మధ్య దొర్లే చిన్న రోలరు ఒకటి, మెడ బిగించే స్క్రూ ఒకటి లేవు. పార్వతీపురం ఇంట్లో మామ్మ కుట్టుపెట్టెలో బొత్తాల మధ్య ఒకసారి వెతకండి. రోలరు ముత్యపు రంగులో, చిటికెనవేలి గోరంత ఉంటుంది. బ్యాండు యూనిఫాంలో ఉన్న ఫొటో ఎవరి దగ్గరున్నా, వెనక రాసిన దానితో సహా, రెండు వైపులా ఫొటో తీసి పంపండి. కార్తీక పౌర్ణమికల్లా ప్యాడ్ల కొలతలు పంపించేస్తాం. ఈలోగా అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పొచ్చు, తోమమని మాత్రం కాకుండా.